పెరటి చెట్టు మందుకు పనికిరాదా?

(ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన దంపతుల సమావేశంలో మహిళా ఆరోగ్య పర్యవేక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)



 సమావేశానికి భార్యను పంపించి, తాము రచ్చబండ మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే మగవారిని నేను చాలా ఊళ్ళలో చూశాను. ఈ రోజు మీరు ఆలుమగలు ఇద్దరూ వచ్చారు. నేను చెప్పబోయే మాటలు ఇద్దరూ వినవలసినవే కాబట్టి నాకు మరింత సంతోషంగా ఉంది.

ఈ బల్ల మీద ఉన్న పండు చూశారా? దీని పేరు చెప్పనక్కరలేదు. బొప్పాయి. కొందరు బొబ్బాసి అంటారు, కొన్ని చోట్ల మదనానపకాయ అంటారు. ఏ పేరున పిలిచినా మన పెరట్లో, బావి గట్టున, పశువుల పాక పక్కన తనంతట తాను మొలిచి కాసే చెట్టు ఇది. నిజానికి దీని పుట్టినిల్లు మన దేశం కాదు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి సుమారు నాలుగు వందల సంవత్సరాల క్రితం ఓడల మీద మన వైపు వచ్చింది. వచ్చిన చుట్టం ఇంటి మనిషి అయిపోయినట్లు, ఇప్పుడు ప్రపంచంలో అన్ని దేశాల కంటే ఎక్కువగా బొప్పాయి పండించేది మన భారతదేశమే. మన కడప, అనంతపురం జిల్లాల రైతులు తోటలు తోటలుగా వేసి లారీల మీద ఢిల్లీ దాకా పంపుతున్నారు.

అయినా మన ఇళ్ళలో దీనికి దక్కే మర్యాద ఎంత? ఇంటికి చుట్టం వస్తే బజారు నుంచి ఆపిల్ పండ్లు తెస్తాం. పెరట్లో పండిన బొప్పాయిని కాకులకు వదిలేస్తాం. "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని సామెత ఊరికే పుట్టలేదు. దగ్గర ఉన్నదాని విలువ మనకు తెలియదు.

కాని అమ్మా, ఈ బొప్పాయి విషయంలో ఒక చిత్రం ఉంది. తినవలసిన పండును మనం నిర్లక్ష్యం చేస్తాం. ముట్టకూడని సమయంలో పచ్చికాయను మాత్రం మందు అని నమ్ముతాం. ఈ రెండు పొరపాట్లనూ సరిదిద్దుకుందామనే ఈ రోజు ఈ పండును బల్ల మీద పెట్టాను.

పండులో ఏముంది?

బాగా పండిన బొప్పాయిని 100 గ్రాములు తూచి చూస్తే, అందులో సుమారు 90 గ్రాములు నీరే. బలాన్ని, అంటే శక్తిని, కేలరీలలో లెక్క కడతారు. అది సుమారు 40 కేలరీలు మాత్రమే. మాంసకృత్తులు అర గ్రాము చిల్లర. ఇనుము చాలా కొద్ది. "అయితే ఇందులో ఏముందమ్మా గొప్ప?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కండ పట్టడానికి పప్పు, గుడ్డు, పాలు, చేపలు కావాలి. కడుపు నిండడానికి అన్నం, జొన్నరొట్టె, రాగి సంగటి కావాలి. బొప్పాయి ఆ పని చేయదు. అది చేసే పని వేరు.

మొదటిది సి విటమిన్. 100 గ్రాముల పండులో ఇది సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 65 నుంచి 80 మిల్లీగ్రాములు. బిడ్డకు పాలిచ్చే తల్లికి ఇంకా ఎక్కువ కావాలి. అంటే అరచేయి పొడవున రెండు మూడు ముక్కలు తింటే ఆ రోజుకు సరిపడా సి విటమిన్ వచ్చినట్లే. చిగుళ్ళు గట్టిపడడానికి, దెబ్బలు, పుండ్లు మానడానికి ఇది అవసరం. వేడి తగిలితే ఈ విటమిన్ నశిస్తుంది. కూరలు ఉడికించినప్పుడు చాలా వరకు పోతుంది. పండు పచ్చిగా తింటాం కాబట్టి పూర్తిగా దక్కుతుంది. అయితే కోసిన పండును గంటల తరబడి ఉంచకుండా వెంటనే తినాలి.

రెండవది ఈ పసుపు, ఎరుపు కలిసిన రంగు. ఈ రంగు ఊరికే రాలేదు. కెరోటిన్ అనే పదార్థం వల్ల వచ్చింది. మన శరీరం ఈ కెరోటిన్‌ను ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. ఎ విటమిన్ తక్కువైతే ఏమవుతుందో మీకు తెలుసు. దీపాలు పెట్టే వేళకు పిల్లవాడు తడుముకుంటూ నడుస్తాడు. గుమ్మం కనబడక పడిపోతాడు. దాన్నే రేచీకటి అంటాం. ఇంకా ముదిరితే తెల్లగుడ్డు మీద నురుగు వంటి మచ్చలు వస్తాయి. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి చూపు శాశ్వతంగా పోతుంది. మన దేశంలో ఈ కారణంగా పసివారు గుడ్డివారు కాకుండా కాపాడేందుకే 1970లో ఎ విటమిన్ ద్రావణం ఇచ్చే పథకం మొదలయింది. ఇప్పుడు బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు, ఆ తరువాత ఐదేళ్ళు నిండే దాకా ఆరు నెలలకు ఒకసారి రెండు లక్షల యూనిట్లు, మొత్తం తొమ్మిది మోతాదులు ఇస్తారు. ఆ ద్రావణం తప్పక వేయించండి. దానితో పాటు ఇంటి తిండిలో మునగాకు, తోటకూర, పాలకూర, మామిడి, బొప్పాయి ఉండాలి. ఉన్నమాట చెప్పాలంటే ఆకుకూరలలో కెరోటిన్ బొప్పాయి కంటే ఎక్కువ. కాని రెండేళ్ళ పిల్లవాడు తోటకూర చూస్తే మూతి తిప్పుకుంటాడు, బొప్పాయి ముక్క ఇస్తే చప్పరించి తింటాడు. అక్కడ ఈ పండు గెలుస్తుంది. ఇంకొక మాట. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. అందుకని నెయ్యో నూనెనో వేసిన భోజనం అయ్యాక పండు పెట్టండి.

మూడవది పీచు. కాన్పు దగ్గరపడిన స్త్రీలకు, ఇనుము మాత్రలు మింగే వారికి మలబద్ధకం సామాన్యం. దాని బాధకు భయపడి మాత్రలు మానేసే వారు ఉన్నారు. పండిన బొప్పాయి, తగినన్ని మంచినీళ్ళు ఆ బాధను తగ్గిస్తాయి.

ఇనుము మాత్రకు తోడు

2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే ఈ పందిరి కింద కూర్చున్న అక్కచెల్లెళ్ళలో సగానికి పైగా. మెట్లు ఎక్కితే ఆయాసం, నాట్లు వేస్తుంటే కళ్ళు తిరగడం, పాలిపోయిన పెదవులు, ఇవి వయసు వల్ల వచ్చినవి కావు. రక్తం చాలకపోవడం వల్ల వచ్చినవి. రక్తం లేని తల్లికి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే గర్భవతికి 180, కాన్పు తరువాత మరో 180 ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తున్నాం. మాత్ర మింగి వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. సి విటమిన్ ఉన్న పదార్థం తింటే బాగా పడుతుంది. నిమ్మరసం, జామపండు, ఉసిరికాయ, బాగా పండిన బొప్పాయి, ఏది దొరికితే అది. గుర్తుంచుకోండి. బొప్పాయిలో ఇనుము దాదాపు లేదు. పప్పులో, ఆకుకూరలో, మాత్రలో ఉన్న ఇనుమును ఒంట్లోకి చేరవేసే తోడు మాత్రమే అది. బండికి ఎద్దు ఎంత అవసరమో, బరువుకు బండి అంత అవసరం.

పచ్చికాయ సంగతి వేరు

వేటమాంసం ఎంతసేపటికీ ఉడక్కపోతే మన ఆడవాళ్ళు ఏం చేస్తారు? ఒక పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. మాంసం మెత్తబడుతుంది. దానికి కారణం కాయకు గాటు పెట్టినప్పుడు కారే తెల్లని పాలు. ఆ పాలలో పపైన్ అనే పదార్థం ఉంది. అది మాంసకృత్తులను విడగొడుతుంది. కాయ కోసేటప్పుడు ఆ పాలు చేతికి తగిలితే కొందరికి మంట పుడుతుంది, దద్దురు లేస్తుంది.

కాయ పండే కొద్దీ ఈ పాలు తగ్గిపోతాయి. పూర్తిగా మాగిన పండులో దాదాపు ఉండవు. అందుకని కాయ వేరు, పండు వేరు అని మనం ఎంచుకోవాలి. 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో చూలు ఎలుకలకు పండిన బొప్పాయి రసం ఇచ్చి చూశారు. వాటికీ పిల్లలకూ ఏ హానీ జరగలేదు. కాయ పాలను ఎలుక గర్భసంచి కండరం మీద వేసి చూస్తే మాత్రం ఆ కండరం గట్టిగా ముడుచుకుపోయింది. ఎలుక మనిషి కాదు నిజమే. అయినా జాగ్రత్త తప్పు కాదు. కాబట్టి గర్భవతులు పచ్చికాయ, దోరకాయ తినవద్దు. పూర్తిగా మాగి, తొక్క పసుపు తిరిగి, గింజలు నల్లబడిన పండు కొద్దిగా తినవచ్చు. అత్తగారు ఒప్పుకోకపోతే పోట్లాడవద్దు. జామపండు, నిమ్మరసం, అరటిపండు ఉన్నాయి కదా. బొప్పాయి తినకపోయినంత మాత్రాన నష్టం లేదు. పండ్లే మానేస్తే నష్టం. మిగిలిన వారు పచ్చి బొప్పాయిని బాగా ఉడికించి కూర వండుకుంటే దోషం లేదు.

ఒక చెల్లెలి కథ

ఇప్పుడు నేను చెప్పే మాట చెప్పడానికి నాకు కష్టంగా ఉంటుంది. అయినా ప్రతి ఊళ్ళోనూ చెబుతాను. పేరు, ఊరు చెప్పను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెల్లెలు ఉండేది. ఇరవై మూడేళ్ళు. ముగ్గురు పిల్లలు. మూడో బిడ్డకు ఎనిమిది నెలలు, ఇంకా పాలు తాగుతున్నాడు. కాన్పు తరువాత ముట్టు రాలేదు. "పాలిచ్చే తల్లికి కడుపు రాదు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు, ఆమె నమ్మింది. ఒక రోజు వేవిళ్ళు మొదలయ్యాయి. అప్పటికి మూడో నెల.

భర్తకు చెప్పడానికి భయపడింది. మా దగ్గరకు రావడానికి సిగ్గుపడింది. పక్కింటి ఆమె పచ్చి బొప్పాయి తినమంది. మూడు రోజులు తింది. వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. గర్భం మాత్రం పోలేదు. బొప్పాయి వల్ల కాలేదని ఇంకెవరి దగ్గరికో పోయింది. వాళ్ళు లోపలికి పుల్ల పెట్టారు. మరునాటికి చలిజ్వరం, దుర్వాసన, రక్తస్రావం. ఎడ్లబండి మీద వేసుకుని మా కేంద్రానికి తెచ్చేటప్పటికి చీర కుచ్చిళ్ళన్నీ తడిసిపోయి ఉన్నాయి. అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపించాం. మూడు వారాలు ఉంది. ప్రాణం దక్కింది. గర్భసంచి దక్కలేదు. ఎనిమిది నెలల బిడ్డకు తల్లి పాలు ఆగిపోయాయి.

ఆసుపత్రి వరండాలో ఆమె భర్త నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నాకు చెబితే నేను కాదనేవాణ్ణా అమ్మగారూ?" అన్నాడు. మంచివాడే. కాని ఆమె చెప్పగలిగేటట్లు అతడు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. "మనకు మళ్ళీ బిడ్డ ఎప్పుడు కావాలి?" అని ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం ఖరీదు అంత.

అందుకని మీకు మూడు సంగతులు స్పష్టంగా చెబుతాను.

ఒకటి. పచ్చి బొప్పాయి గర్భం రాకుండా ఆపదు. వచ్చిన గర్భాన్ని నమ్మకంగా తీసివేయదు. నువ్వులు, బెల్లం, నాటు మందులు, పుల్లలు, ఏవీ పనికిరావు. పుల్లలు ప్రాణాలు తీస్తాయి. ఇక్కడ మాత్రం ఆ సామెత అక్షరాలా నిజం. ఈ పెరటి చెట్టు ఈ మందుకు పనికిరాదు.

రెండు. పాలిచ్చే తల్లికి గర్భం రాదన్న మాట సగం నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, రాత్రింబగళ్ళు తల్లి పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టకుండా ఉండాలి, ముట్టు రాకుండా ఉండాలి. ఈ మూడూ ఉంటేనే ఆ రక్షణ. ఒక్కటి తప్పినా లేనట్లే. ముట్టు రాకముందే నెల నిలిచిపోవచ్చు.

మూడు. వద్దనుకున్న గర్భం వస్తే దానికి చట్టం ఒప్పుకున్న దారి ఉంది. 1971లో చేసిన చట్టాన్ని 2021లో సవరించారు. ఆ ప్రకారం, చట్టం చెప్పిన కారణాలు ఉన్నప్పుడు, 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం మీద గర్భస్రావం చేయించుకోవచ్చు. కొందరి విషయంలో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం మీద 24 వారాల దాకా గడువు ఉంది. కుటుంబ నియంత్రణ పద్ధతి విఫలమై గర్భం రావడం కూడా ఒక కారణమే. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. ఆమె పేరు గోప్యంగా ఉంచాలి. ఎంత ముందుగా వస్తే అంత క్షేమం. మందుల దుకాణంలో మాత్రలు కొని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మింగడం ప్రమాదం. ఎన్నో నెలో చూడాలి, గర్భం సంచిలోనే ఉందో లేదో చూడాలి. అది డాక్టరు పని. ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడం మాత్రం నేరం. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడమే 1994 చట్టం ప్రకారం నిషిద్ధం.

మొక్కకూ మొక్కకూ ఎడం

రైతు సోదరులను ఒక మాట అడుగుతాను. బొప్పాయి మొక్కలు ఎంత దూరాన నాటుతారు? ఆరు అడుగులు. దగ్గర దగ్గరగా నాటితే ఏమవుతుంది? ఒకదాని నీడ ఒకదానికి పడి సన్నగా పొడుగ్గా పెరుగుతాయి, కాయ చిన్నదవుతుంది, నేల సారం చాలదు. మొక్కల విషయంలో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. తల్లి శరీరం కూడా నేల వంటిదే. ఒక కాన్పుకు పోయిన రక్తం, సున్నం, బలం మళ్ళీ సమకూరాలంటే వ్యవధి కావాలి. ఒక బిడ్డ పుట్టిన తరువాత కనీసం రెండేళ్ళు ఆగి మళ్ళీ గర్భం ధరిస్తే తల్లికీ మంచిది, చంకలో బిడ్డకూ మంచిది, పుట్టబోయే బిడ్డకూ మంచిది. అంటే బిడ్డకూ బిడ్డకూ సుమారు మూడేళ్ళ ఎడం.

ఎందరు బిడ్డలు, ఎప్పుడు అన్నది మీ ఆలుమగలు కూర్చుని నిర్ణయించుకోవలసిన సంగతి. మేము చెప్పేది దారులు మాత్రమే. ఎవరినీ బలవంతం చేయం.

ఎడం కోసం ఈ పద్ధతులు ఉన్నాయి. నిరోధ్, మగవారు వాడేది. సుఖరోగాల నుంచి కూడా కాపాడుతుంది. కాపర్-టి, కాన్పు అయిన 48 గంటలలోపు అయినా, ఆరు వారాల తరువాత అయినా వేయించుకోవచ్చు. ఒక రకం పదేళ్ళు, ఒక రకం ఐదేళ్ళు పనిచేస్తుంది. కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. అంతర సూది మందు, మూడు నెలలకు ఒకసారి. ఛాయ మాత్రలు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తరువాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. మాలా-ఎన్ మాత్రలు, రోజుకు ఒకటి. బిడ్డకు ఆరు నెలలు నిండని తల్లులు ఇవి వాడకూడదు. ఇక పిల్లలు చాలనుకున్న వారికి శస్త్రచికిత్స. ఆడవారి ఆపరేషన్ కంటే మగవారిది చిన్నది, కోత, కుట్లు లేకుండా కొద్ది నిమిషాలలో అయిపోతుంది. మగతనం తగ్గదు, కాయకష్టానికి అడ్డు రాదు. అయితే ఆపరేషన్ తరువాత మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకున్న తరువాతే నిశ్చింత. ఏ పద్ధతి ఎవరికి సరిపడుతుందో పరీక్ష చేసి చెబుతాం.

పెరట్లో పెంచే విధానం

ఇక పండు ఇంటికి రావాలంటే చెట్టు కావాలి. ఎండ బాగా తగిలే చోట, అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట తీసి, మాగిన పశువుల ఎరువు, మట్టి కలిపి నింపండి. గుంటకు రెండు మూడు మొక్కలు పెట్టండి. ఎందుకంటే చాలా నాటు రకాలలో మగ చెట్లు, ఆడ చెట్లు వేరువేరుగా ఉంటాయి. పూత వచ్చే దాకా ఏది ఏదో తెలియదు. పొడవాటి కాడలకు గుత్తులుగా చిన్న పూలు వేలాడితే మగ చెట్టు. మానును అంటిపెట్టుకుని పెద్ద పువ్వు పూస్తే ఆడ చెట్టు. పూత చూసి ఆడ చెట్టు ఉంచుకుని మిగిలినవి తీసివేయండి. పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చాలు. కూర్గు హనీడ్యూ, రెడ్ లేడీ వంటి రకాలలో ఈ బెడద లేదు, వాటిలో మగ చెట్లు రావు.

మొదట్లో నీరు నిలిస్తే బొప్పాయికి మృత్యువే. కాండం మొదలు కుళ్ళి రెండు రోజులలో వాలిపోతుంది. అందుకని మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, నీరు దూరంగా పారేటట్లు పాదు చేయండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు వృథా పోనీయకుండా ఈ పాదుకు మళ్ళించవచ్చు. నీరు నిలవదు కాబట్టి దోమలూ తగ్గుతాయి. నాటిన తొమ్మిది పది నెలలకు కాయ కోతకు వస్తుంది. ఇంటికి రెండు చెట్లుంటే ఇంటిల్లిపాదికి చాలు.

కాయ మీద పసుపు చార పడగానే కోసి, గడ్డిలోనో కాగితంలోనో చుట్టి ఉంచితే మూడు నాలుగు రోజులలో మాగుతుంది. కార్బైడ్ రాళ్ళు పెట్టి మాగవేయడాన్ని ప్రభుత్వం నిషేధించింది. అమ్ముకునే పండైనా సరే ఆ పని చేయవద్దు.

పసిబిడ్డకు ఎప్పుడు పెట్టాలి?

ఆరు నెలలు నిండే దాకా తల్లి పాలు మాత్రమే. నిండిన తరువాత పప్పన్నం, గుడ్డు, కూర మెదిపి పెట్టడంతో పాటు బాగా మాగిన బొప్పాయి పెట్టవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోండి. పండును కడిగి, తొక్క, గింజలు తీసి, చెంచాతో మెత్తగా మెదిపి, మొదటి రోజు ఒక్క చెంచాతో మొదలుపెట్టండి. సరిపడితే మెల్లగా పెంచండి. బజారులో కోసి పెట్టి, ఈగలు ముసిరే ముక్కలు కొని పెట్టవద్దు. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. ద్రావణం, 14 రోజుల జింకు మాత్రలు మా దగ్గర ఉచితం. తల్లి పాలు ఆపవద్దు.

మీరు అడిగిన ప్రశ్నలు

కిందటి సమావేశంలో ఒక అన్న అడిగాడు: "బొప్పాయి గింజలు తింటే మగవాడికి పిల్లలు పుట్టరట కదా, ఇక నిరోధ్ ఎందుకు?" గింజల సారం మీద జంతువులలో ప్రయోగాలు జరిగిన మాట నిజమే. కాని మనుషులకు ఇంత మోతాదు, ఇన్నాళ్ళు అని చెప్పగలిగిన మందు ఏదీ దాని నుంచి రాలేదు. గింజలను నమ్ముకుంటే తొమ్మిది నెలలకు ఉయ్యాల కట్టవలసి వస్తుంది.

ఒక అమ్మ అడిగింది: "డెంగీ జ్వరానికి ఆకు పసరు తాగించవచ్చునా?" ఆకు పసరు మీద పరిశోధనలు జరుగుతున్నాయి గాని, ఆసుపత్రి వైద్యానికి అది బదులు కాదు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే పసరు నూరుతూ కూర్చోవద్దు, వెంటనే బయలుదేరండి.

ఒక పెద్దాయన అడిగాడు: "చక్కెర జబ్బు ఉంది, తినవచ్చునా?" భోజనం తగ్గించుకోకుండా పండు మీద పండు తింటే చక్కెర పెరుగుతుంది. చిన్న గిన్నెడు ముక్కలు తినవచ్చు. రసం తీసి తాగవద్దు, పీచు పోతుంది. డాక్టరు చెప్పిన పథ్యం తప్పవద్దు.

చివరగా

పండు తిన్నంత మాత్రాన మందులు అక్కరలేదని నేను అనను. మందులు ఉన్నాయి కదా అని పండు మానమనీ అనను. పండు ఆహారం. దాన్ని ఆహారంగానే తినండి. సంతానం విషయంలో మాత్రం చెట్టునూ పుట్టనూ నమ్మకుండా, మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం. అమ్మను నమ్మండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీ మాట మా దగ్గరే ఉంటుంది.

ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు ప్రతి జంటకు రెండేసి బొప్పాయి మొక్కలు ఇస్తున్నాం. సాయంకాలం ఆలుమగలు ఇద్దరూ కలిసి నాటండి. గుంట తీసేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న ఒకరినొకరు అడగండి: "మనకు మళ్ళీ బిడ్డ ఎప్పుడు కావాలి? అసలు కావాలా?" జవాబు ఏదైనా సరే, ఇద్దరూ కలిసి ఇక్కడికి వచ్చి మాతో చెప్పండి. ఆ చెట్టు మొదటి కాపు మీ ఇంట్లో పిల్లలు తినేనాటికి, ఆ ఇంటి ఇల్లాలు రక్తపుష్టితో, భయం లేకుండా ఉండాలని నా కోరిక.